మనిషికి తోడుందాం, తాగుడుకి కాదు

(ఢిల్లీలోని ఆర్.కె. పురంలో అంబేద్కర్ జయంతి మాసం సందర్భంగా తెలుగు కుటుంబాల మహిళలు జరుపుకున్న సమావేశంలో ఒక విశ్రాంత నర్సు చేసిన ప్రసంగ పాఠం ఇది.)

అందరికీ జై భీమ్.

అక్కలకు, చెల్లెళ్లకు, వెనక వరసలో కూర్చున్న అన్నలకు కూడా. అన్నలు లేచి వెళ్లిపోవద్దు, ఈ మాటలు మీకు కూడా పనికొస్తాయి.

మన జయంతి సభల్లో రాజ్యాంగం గురించి, రిజర్వేషన్ల గురించి, పిల్లల చదువుల గురించి మాట్లాడుకుంటాం. మాట్లాడుకోవాలి కూడా. ఇంట్లో భర్త తాగుతున్నాడు, ఏం చేయాలి అనే ప్రశ్న మాత్రం వేదిక మీదికి రాదు. అది వంటింట్లోనే, ఆడవాళ్ల గుండెల్లోనే ఉండిపోతుంది. ఇవాళ నిర్వాహకులు ఈ విషయం మీద మాట్లాడమన్నప్పుడు సంతోషించాను. ముప్ఫై ఏళ్లకు పైగా నర్సుగా పనిచేసి, వార్డులో తాగుడు రోగుల మంచాల పక్కన నేను చూసింది ఎక్కువగా వాళ్ల భార్యలనే.

ఆర్.కె. పురం అంటే మనకు ఏమిటో ఒకసారి గుర్తు చేసుకుందాం. ఈ సెక్టార్లు, ఈ సర్కారీ క్వార్టర్లు, పొద్దున్నే ఆఫీసులకు పోయే జనం. ఇక్కడి మన కుటుంబాల్లో చాలామందికి ఇది మొదటి తరం ఉద్యోగం. నాన్న పాలేరుగానో, అమ్మ కూలికో పోయి చదివిస్తే, రిజర్వేషన్ మీద ఢిల్లీలో కొలువు వచ్చింది. ఊళ్లో అమ్మానాన్నలకు, చదువుకునే తమ్ముడికి, పెళ్లి కావాల్సిన చెల్లెలికి ఈ ఒక్క జీతమే దిక్కు. తలమీద కప్పు కూడా ఆ ఉద్యోగంతోనే ముడిపడి ఉంది. ఉద్యోగం ఉంటేనే క్వార్టర్.

అందుకే భర్త తాగుడు ముదిరినప్పుడు భార్య మొదట చేసే పని దాచడం. ఆఫీసుకు ఫోన్ చేసి ‘జ్వరం సార్’ అంటుంది. పక్కింటివాళ్లు వింటారని రాత్రి తలుపులు, కిటికీలు బిగిస్తుంది. ఊరికి ఫోన్ చేసినప్పుడు ‘అంతా బాగుంది అత్తయ్యా’ అంటుంది. ఇందులో ఉన్న భయం ఉద్యోగం గురించి మాత్రమే కాదు. దీనికి ఒక కులం కోణం ఉంది. పెద్ద కులపు ఆఫీసరు రోజూ సాయంత్రం తాగితే దాన్ని సోషల్ డ్రింకింగ్ అంటారు. మనవాడు తాగితే ‘వీళ్లింతే, కోటాలో వచ్చినవాళ్లు’ అంటారు. ఒక మనిషి జబ్బుని మొత్తం కులం మీద వేస్తారు. ఆ మాట పడకూడదని మన ఆడవాళ్లు నోరు కట్టేసుకుంటారు. ఆ మౌనం వల్ల వైద్యం ఆలస్యమవుతుంది. కులం మనల్ని ఆఫీసులో అవమానించి ఊరుకోవడం లేదు, ఇంట్లో మన జబ్బుని కూడా ముదరనిస్తోంది.

అందుకని మొదట లెక్కలు చెప్తాను. ఇది మన ఒక్కరి కథ కాదని తెలియడానికి. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ కోసం ఎయిమ్స్‌వాళ్లు చేసిన జాతీయ సర్వే 2019లో వచ్చింది. 10 నుంచి 75 ఏళ్ల మధ్యవాళ్లలో 14.6 శాతం మంది, అంటే దాదాపు 16 కోట్ల మంది, మద్యం తాగుతున్నారని తేలింది. మగవాళ్లలో 27.3 శాతం, ఆడవాళ్లలో 1.6 శాతం. వీళ్లలో దాదాపు 2.9 కోట్ల మంది తాగుడుకి పూర్తిగా బానిసలైనవాళ్లు. మద్యం సమస్య ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. నన్ను కలవరపెట్టిన లెక్క మాత్రం ఇంకొకటి. ఇలా బానిసలైనవాళ్లలో ఏదో ఒక సాయం, వైద్యం అందింది 38 మందిలో ఒక్కరికే. మిగిలిన 37 మంది ఎక్కడున్నారు? ఇళ్లలో ఉన్నారు. వాళ్లని చూసుకుంటున్నది ఎవరు? భార్యలు, తల్లులు. డాక్టరు చేయాల్సిన పని, నర్సు చేయాల్సిన పని, కౌన్సెలరు చేయాల్సిన పని జీతం లేకుండా, శిక్షణ లేకుండా ఆమె ఒక్కతే చేస్తోంది. పైగా ‘మొగుణ్ని కట్టడి చేసుకోలేకపోయింది’ అన్న నింద కూడా ఆమెకే.

ఇప్పుడు బాబాసాహెబ్ దగ్గరికి వద్దాం. 1927 డిసెంబర్‌లో మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టిన ఆ సభల రోజుల్లోనే ఆయన ప్రత్యేకంగా ఆడవాళ్లతో మాట్లాడారు. బట్టకట్టు గురించి, శుభ్రత గురించి, పిల్లల్ని బడికి పంపడం గురించి చెప్తూ ఇంకో మాట కూడా అన్నారు. తాగుబోతు భర్తకైనా, కొడుక్కైనా అన్నం పెట్టొద్దన్నారు. దాదాపు వందేళ్ల కిందట, చదువు లేని, కూలి చేసుకునే దళిత స్త్రీలతో చెప్పిన మాట అది.

ఈ మాటను ఎలా అర్థం చేసుకోవాలి? నర్సుగా ఒక విషయం నేను చెప్పి తీరాలి. ఏళ్ల తరబడి తాగే మనిషికి తిండి సరిగ్గా ఎక్కదు. ఒంట్లో బి1 విటమిన్ పడిపోతుంది. అది బాగా పడిపోతే మెదడు దెబ్బతింటుంది. నడక తూలుతుంది, చూపు చెదురుతుంది, జ్ఞాపకం పోతుంది. అందుకే వార్డులో మేము మొదట చేసే పనుల్లో ఒకటి ఆ విటమిన్ ఎక్కించడం. కాబట్టి ఇవాళ ఏ అక్కకూ ‘ఆయనకు అన్నం మానెయ్’ అని నేను చెప్పను. అన్నం పెట్టండి. ఆయన తినే స్థితిలో ఉన్నప్పుడు, వేళకు, అందరితో పాటు పెట్టండి.

మరి బాబాసాహెబ్ మాట పాతబడిందా? నా ఉద్దేశంలో లేదు. ఆ రోజున ఆ స్త్రీల చేతిలో ఉన్న అధికారం ఒక్క అన్నం గిన్నె. డబ్బు లేదు, చదువు లేదు, చట్టం లేదు. ఉన్న ఆ ఒక్క అధికారాన్ని వాడమన్నారు. నీ సేవ తాగుడుకి అందకూడదు, నీ సేవకు ఒక షరతు పెట్టుకునే హక్కు నీకు ఉంది అన్నారు. పతివ్రత ఏం చేసినా భరించాలని చెప్పిన మనుస్మృతిని తగలబెట్టిన చోటే ఆ మాట చెప్పారంటే అర్థం చేసుకోండి. ఇవాళ మనం ఆపాల్సింది అన్నం కాదు. తాగుడుకి మనం చేస్తున్న చాకిరీ.

ఆ చాకిరీ ఏమిటో విడమరిచి చెప్తాను.

ఆయన బదులు ఆఫీసుకు అబద్ధం చెప్పడం. ఆయన చేసిన బాకీలు మన గాజులు తాకట్టు పెట్టి తీర్చడం. ‘బయట తాగి పడిపోతాడేమో, ఇంట్లోనే తాగనీ’ అని మనమే డబ్బిచ్చి సీసా తెప్పించడం. రాత్రి విసిరి పగలగొట్టినవి తెల్లారేసరికి ఎత్తేసి ఏమీ జరగనట్టు ఉంచడం. పిల్లలతో ‘నాన్నకు తలనొప్పి’ అని చెప్పడం. ఇవన్నీ ప్రేమతో, భయంతో చేసేవే. ఎవరినీ తప్పు పట్టడం లేదు. కానీ ఫలితం చూడండి. తాగుడు వల్ల వచ్చే నష్టం ఆయనకు తప్ప ఇంట్లో అందరికీ తెలుస్తుంది. ఆయన కంటపడదు. కంటపడని నష్టాన్ని ఎవరైనా ఎందుకు సరిదిద్దుకుంటారు?

కాబట్టి మెల్లమెల్లగా ఆ చాకిరీ నుంచి చేతులు తీసేయాలి. ‘ఆఫీసుకు నువ్వే ఫోన్ చేసుకో. ఈ అప్పు నువ్వు చేశావు, నువ్వే తీర్చు. తాగని రోజు మాట్లాడుకుందాం, కలిసి తిందాం, పిల్లల్ని తీసుకుని బయటికి వెళ్దాం. తాగిన రోజు నేను, పిల్లలు ఆ గదిలో ఉంటాం.’ ఇది కోపంతో చేసేది కాదు, శిక్ష కూడా కాదు. చెప్పింది చెప్పినట్టు చేయడమే ఇందులో కష్టం. తీర్చగలిగిన షరతే పెట్టండి. ‘ఇంకోసారి తాగితే పుట్టింటికి పోతా’ అని పదిసార్లు అని ఒక్కసారి కూడా పోకపోతే ఆ మాటకు విలువ ఉండదు.

ఇంకొకటి. తాగి ఉన్న మనిషితో వాదించొద్దు. ఆ సమయంలో చెప్పింది ఆయనకు తెల్లారి గుర్తుండదు. మీకు మాత్రం ఏళ్లపాటు గుర్తుంటుంది. పొద్దున, మత్తు దిగాక, పిల్లలు బడికి వెళ్లాక మాట్లాడండి. ‘నువ్వు తాగుబోతువి’ అనొద్దు. ‘మొన్న మంగళవారం బాబు ఫీజు డబ్బు పోయింది, నిన్న నీ చేతులు వణికాయి, నాకు భయం వేసింది, డాక్టరు దగ్గరికి వెళ్దాం’ అనండి. జరిగింది చెప్పండి, మీకు ఏమనిపించిందో చెప్పండి, ఏం చేద్దామో చెప్పండి. అంతవరకే.

ఇక మనిషికి తోడుండటం గురించి. తాగుడుకి బానిస కావడం జబ్బు. బీపీ లాగా, షుగర్ లాగా చాలాకాలం వెంట ఉండే జబ్బు. దీనికి వైద్యం ఉంది. ఇక్కడ మూడు విషయాలు గట్టిగా గుర్తు పెట్టుకోండి, ప్రాణాలకు సంబంధించినవి.

ఒకటి, రోజూ ఎక్కువగా తాగే మనిషిని హఠాత్తుగా మాన్పించొద్దు. మనవాళ్లు చాలామంది మాల వేసుకుని మానేస్తారు, లేదంటే పిల్లల తలమీద ఒట్టు పెట్టించుకుంటారు. కొందరికి ఏమీ కాదు. కానీ ఒళ్లు మద్యానికి బాగా అలవాటు పడ్డ మనిషి ఒక్కసారిగా ఆపితే అదే రోజు చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర పట్టదు. ఒకటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు లేని మనుషులు కనిపించడం, పురుగులు పాకుతున్నాయనడం, ఎక్కడున్నాడో తెలియకపోవడం మొదలైతే అది ప్రాణం తీసే స్థితి. దయ్యం పట్టిందని తాయెత్తు కట్టించుకుంటూ కూర్చోవద్దు. వెంటనే అత్యవసర విభాగానికి తీసుకుపోండి. డాక్టరు పర్యవేక్షణలో వారం పది రోజులు మందులిస్తూ మాన్పిస్తే ఈ ప్రమాదం చాలావరకు తప్పుతుంది.

రెండు, ఆయనకు తెలియకుండా కూరలో, టీలో మాత్రలు కలపొద్దు. మెడికల్ షాపులో ఎవరో ఇస్తారు, ‘కలిపెయ్యి, వాంతులై మానేస్తాడు’ అంటారు. డైసల్ఫిరామ్ అనే ఆ మందు ఒంట్లో ఉండగా మద్యం తాగితే గుండె దడ, వాంతులు, బీపీ పడిపోవడం, ఒక్కోసారి ప్రాణం పోవడం జరుగుతాయి. ఆయనకు తెలిసి, ఒప్పుకుని, డాక్టరు రాసి ఇస్తేనే ఆ మందు. తాగాలనే కోరికను తగ్గించే నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటి వేరే మందులు కూడా ఉన్నాయి. లివర్, కిడ్నీ పరీక్షలు చూసి డాక్టరే నిర్ణయిస్తారు.

మూడు, మానేసిన మనిషి మళ్లీ తాగితే అంతా పోయిందనుకోవద్దు. ఈ జబ్బులో అది చాలామందికి జరుగుతుంది. షుగర్ మళ్లీ పెరిగితే మందు మారుస్తాం కదా, మనిషిని ఇంట్లోంచి గెంటేయం కదా. మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లాలి, వీలైనంత త్వరగా.

ఎక్కడికి వెళ్లాలి? మనం ఉన్న చోటు నుంచి ఎయిమ్స్, సఫ్దర్‌జంగ్ దగ్గరే. ఎయిమ్స్‌వాళ్ల జాతీయ చికిత్సా కేంద్రం ప్రత్యేకంగా ఈ జబ్బు కోసమే ఘజియాబాద్‌లో ఉంది. ఉద్యోగులు సీజీహెచ్ఎస్ డిస్పెన్సరీ నుంచి మొదలుపెట్టొచ్చు. వెళ్లే ముందు మాట్లాడాలంటే కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446 ఉంది. మనసు బాగోలేదంటే, భర్త కోసమే కాదు మీ కోసం కూడా, టెలి మానస్ 14416కు ఫోన్ చేయండి, తెలుగులో కూడా మాట్లాడొచ్చు. ఆయన రానంటే మీరొక్కరే డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఇంట్లోవాళ్లు ముందు వచ్చి, ఎలా మాట్లాడాలో నేర్చుకుని, తర్వాత మనిషిని తీసుకొచ్చిన కేసులు నేను ఎన్నో చూశాను.

డబ్బు కట్టించుకుని, గదిలో పెట్టి తాళం వేసి, కొట్టి మాన్పిస్తామనే చోట్లకు మాత్రం పంపొద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం వల్ల వచ్చే మానసిక స్థితులను కూడా జబ్బుగానే చూసింది. రోగిని క్రూరంగా చూడకూడదని, వివరాలు గోప్యంగా ఉంచాలని ఆ చట్టమే చెప్తోంది. డ్యూటీలో తాగి ఉండటం ఉద్యోగ ప్రవర్తన నియమాల ప్రకారం తప్పు, దాని మీద చర్య ఉంటుంది. వైద్యానికి సెలవు పెట్టడం తప్పు కాదు. అబద్ధపు జ్వరాల కన్నా అసలు వైద్యం కాగితాలే ఉద్యోగాన్ని ఎక్కువగా కాపాడతాయి.

ఇప్పుడు గట్టిగా చెప్పాల్సిన మాట. జబ్బు అన్నాను కదా అని దెబ్బలు భరించమని కాదు. తాగుడు జబ్బు, కొట్టడం నేరం. ‘తాగినప్పుడే కొడతాడు, మామూలుగా దేవుడు’ అంటారు. ఆ దేవుడు తాగినప్పుడు తన ఆఫీసర్ని కొట్టడం లేదు, ఇంట్లో మిమ్మల్నే కొడుతున్నాడు. చేయి లేస్తే 112, లేదా మహిళా హెల్ప్‌లైన్ 181. 2005 గృహహింస నిరోధక చట్టం ప్రకారం క్వార్టర్ ఎవరి పేరు మీద ఉన్నా ఆయనతో కలిసి ఉంటున్న ఇంట్లో ఉండే హక్కు భార్యకు ఉంది. ఆధార్, పిల్లల సర్టిఫికెట్లు, కుల ధ్రువపత్రం, బ్యాంకు పుస్తకం, కొంత డబ్బు ఒక సంచిలో పెట్టి నమ్మకమైన చోట ఉంచుకోండి. మీ పేరున ఒక ఖాతా ఉండాలి. తోడుండటం అంటే ఒకే ఇంట్లో ఉండటమే కాదు. కొన్నిసార్లు దూరంగా ఉండి, ‘వైద్యం మొదలుపెట్టు, అప్పుడు వస్తాను’ అనడం కూడా తోడే. అసలు తిరిగి రానన్నా అది ఆమె హక్కు. మనం ఆమె పక్కనే నిలబడాలి.

పిల్లల సంగతి మర్చిపోవద్దు. పెద్దవాళ్లు దాచినకొద్దీ పిల్లలు తమ వల్లే ఇలా జరుగుతోందనుకుంటారు. ‘నాన్నకు తాగుడు జబ్బు ఉంది. అది నీ వల్ల రాలేదు, నువ్వు తగ్గించలేవు. నీ పని చదువుకోవడం, ఆడుకోవడం’ అని వాళ్ల వయసుకు తగ్గట్టు నిజం చెప్పండి. నాన్న జేబులు వెతకడానికి, సీసాలు దాచడానికి, వైన్ షాపు దగ్గర్నుంచి తీసుకురావడానికి పిల్లల్ని పంపొద్దు.

అన్నలకు ఒక మాట. తాగుడుకి బానిసైన భార్యలు కూడా ఉన్నారు. లెక్కల్లో తక్కువ, కానీ వాళ్ల బాధ ఎక్కువ. భర్త తాగితే భార్య ఆసుపత్రి చుట్టూ తిరుగుతుంది. భార్య తాగితే చాలాసార్లు పుట్టింట్లో దింపేసి వస్తారు. ఇందాక చెప్పినవన్నీ అప్పుడు మీకు వర్తిస్తాయి.

చివరగా, ఇది ఇంటి నాలుగు గోడల మధ్య పుట్టిన సమస్య కాదు. కోలార్ బంగారు గనుల ఊళ్లో, పాకీపని చేసే తెలుగు దళిత కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్ మొదట చూసింది తనవాళ్ల తాగుడునే. ఎందుకు తాగుతున్నారని అడిగితే, తాగకుండా ఆ పని చేయలేమన్నారు. అప్పుడు ఆయన తాగుడు మీద ఉపన్యాసాలివ్వడం కన్నా ఆ పనినే పోగొట్టాలని బయలుదేరారు. సఫాయి కర్మచారి ఆందోళన్ అలా వచ్చింది. మనిషి చేత మనిషి చేయకూడని పని చేయించి, ఆ పని మర్చిపోవడానికి సారా అమ్మి, తర్వాత తాగుబోతులని తిట్టేది ఒకే సమాజం.

మన నెల్లూరు జిల్లా దూబగుంట సంగతి తెలుసు కదా. అక్షరాస్యత ఉద్యమంలో రాత్రి బడికి వచ్చిన ఆడవాళ్లు అక్షరాలతో పాటు తమ బతుకుని కూడా చదువుకున్నారు. రోసమ్మ, ఆమెతో పాటు కూలి పనులు చేసుకునే దళిత, వెనకబడిన కులాల స్త్రీలు ఊళ్లోకి సారా రానివ్వలేదు. 1992లో ఆ ఉద్యమం జిల్లాలు దాటింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది, 1997లో దాన్ని సడలించారు. సర్కారుకి మద్యం ఆదాయం కావాలి, ఇక్కడ ఢిల్లీలో కూడా ప్రభుత్వ సంస్థలే దుకాణాలు నడుపుతున్నాయి. నాకు అందులో నచ్చే విషయం ఒకటుంది. దూబగుంటలో ఏ ఆడదీ ఒంటరిగా తన మొగుడితో పోరాడలేదు. అందరూ కలిసి దుకాణంతో పోరాడారు. ఇంట్లో సిగ్గుగా ఉన్నది వీధిలోకి వచ్చేసరికి బలమైంది.

అందుకే మన సంఘాలను నేను అడిగేది మూడు పనులు. జయంతి రోజు పగలు బాబాసాహెబ్‌కి పూలదండ వేసి రాత్రి ఆయన పేరు మీదే సీసాలు తెరవడం ఆగాలి. 1956లో నాగపూర్‌లో ఆయన ఇచ్చిన 22 ప్రతిజ్ఞల్లో మద్యం ముట్టననేది ఒకటి. రెండు, ప్రతి సెక్టారులో ఇద్దరు ఆడవాళ్లు, ఇద్దరు మగవాళ్లు ఉండాలి, అర్ధరాత్రి ఫోన్ చేసినా ఆసుపత్రికి తోడు వచ్చేవాళ్లు, విన్నది బయటికి చెప్పనివాళ్లు. మూడు, మానేసి నిలబడ్డ అన్నలను మన సభల్లో ముందు వరసలో కూర్చోబెట్టాలి. ‘ఒకప్పుడు తాగుబోతు’ అని గుర్తుచేయడం మానాలి.

1942లో నాగపూర్‌లో జరిగిన అణగారిన వర్గాల మహిళల మహాసభలో బాబాసాహెబ్ చెప్పింది ఇదే. పెళ్లైన స్త్రీ భర్తకు స్నేహితురాలిగా, సమానురాలిగా నిలబడాలి, బానిసగా ఉండటానికి ఒప్పుకోకూడదు అన్నారు. స్నేహితురాలు జబ్బు పడ్డ స్నేహితుణ్ని ఆసుపత్రికి తీసుకెళ్తుంది. అతను చెప్పమన్న అబద్ధం చెప్పదు, కొడితే పడదు. ఈ హాలులో ఈ బాధ మోస్తున్నవాళ్లు ఎందరున్నారో చేతులెత్తమని అడగను. సభ అయ్యాక నేను, ఇంకో ఇద్దరు అక్కలు ఆ మూల బల్ల దగ్గరే ఉంటాం. రావాలనుకున్నవాళ్లు తల దించుకోకుండా రండి.

జై భీమ్.